లంకెబిందెల్లో బంగారు నాణేలు దొరికితే ఎవరివి? చట్టం చెప్పేదేమిటి, కరిగిస్తే పోయేదేమిటి?

పొలం దున్నేటప్పుడు నాగలికర్రుకు రాగిబిందె తగలడం, పాత ఇంటి పునాది తీస్తుండగా మట్టికుండలోనుంచి పసిడి బిళ్లలు రాలడం కథల్లో మాత్రమే జరిగే సంగతులు కావు. రాజ్యాలు మారినప్పుడు, దండయాత్రలు వచ్చినప్పుడు, దొంగల భయం పెరిగినప్పుడు జనం తమ సొత్తును నేలలో దాచుకున్నారు. దాచినవారు తిరిగి రాలేకపోయిన చోట ఆ సొత్తు అలాగే ఉండిపోయింది. లంకెబిందెలు, నిక్షేపం, పాతర, గుప్తనిధి అంటూ తెలుగులో దానికి ఎన్నో పేర్లున్నాయి.

అటువంటి బంగారం బయటపడిన క్షణంలో దాన్ని చూసినవారి ముందు రెండు దారులుంటాయి. గుట్టుగా కంసాలి కొలిమికి చేర్చడం ఒకటి. అధికారులకు తెలియజేయడం రెండోది. మొదటి దారి లాభమనీ, రెండో దారిలో చేతికేమీ మిగలదనీ చాలామంది నమ్మకం. చట్టం చెప్పేది దాదాపు దీనికి విరుద్ధం. చరిత్ర విషయంలోనైతే ఆ నిర్ణయానికి తిరుగుండదు. కరిగిన నాణేన్ని మళ్లీ ముద్రించలేము.

పాత భూమి పత్రాల్లో నిధి నిక్షేపాలు

నేలలో దొరికిన సొత్తు ఎవరిదన్న ప్రశ్న ఈ దేశంలో కొత్తది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రం దీనికి లెక్కలు కట్టింది. గనిగానీ, రత్నాలుగానీ, నిధిగానీ ఉన్న చోటును తెలియజేసినవారికి ఆరో వంతు, తెలియజేసినవాడు రాజోద్యోగి అయితే పన్నెండో వంతు దక్కాలని అందులో ఉంది. లక్షకు మించిన నిధి రాజుదే.

మధ్యయుగపు దానశాసనాల్లో ఈ హక్కు మరో రూపంలో కనిపిస్తుంది. నిధి, నిక్షేపం, జలం, పాషాణం, అక్షిణి, ఆగామి, సిద్ధం, సాధ్యం అనే ఎనిమిదింటిని కలిపి అష్టభోగాలన్నారు. భూమిని దానమిచ్చినా, అమ్మినా ఈ ఎనిమిది హక్కులతో సహా ఇస్తున్నట్లు రాయడం ఆనవాయితీ. తెలుగునాట పాత క్రయదస్తావేజులు తిరగేసిన వారికి ‘నిధి నిక్షేప జల తరు పాషాణ’ అంటూ సాగే వరుస పరిచితమే. నేల కొన్నవారికే నేల కింది సొత్తు అన్న భావన ఆ మాటల్లో ఉంది. నేడు అమల్లో ఉన్న చట్టం మాత్రం ఆ వరుసను బట్టి నడవదు.

1878 నాటి చట్టం ఏం చెబుతోంది?

బ్రిటిష్ పాలనలో 1878లో వచ్చిన భారత నిధుల చట్టమే ఈ విషయంలో నేటికీ ఆధారం. నేలలోగానీ, నేలకు అతికి ఉన్న కట్టడంలోగానీ దాగి ఉన్న విలువైన వస్తువు ఏదైనా ఈ చట్టం దృష్టిలో నిధే. బంగారమే కానక్కరలేదు. 10 రూపాయలకు మించిన విలువగల నిధి దొరికితే, దొరికినవారు వీలైనంత త్వరగా జిల్లా కలెక్టరుకు లిఖితపూర్వకంగా తెలపాలి. దానిని సమీప ప్రభుత్వ ఖజానాలో జమ చేయాలి, లేదా అడిగినప్పుడు హాజరుపరుస్తామని హామీ ఇవ్వాలి.

ఆపైన కలెక్టరు ప్రకటన జారీ చేస్తారు. ఈ సొత్తు తమదేనని చెప్పుకోదలచినవారు ఫలానా రోజున హాజరు కావాలని అందులో కోరతారు. ఆ రోజు ప్రకటన వెలువడిన 4 నెలలకు ముందుగానీ, 6 నెలల తరువాతగానీ ఉండకూడదు. నిధిని ఎవరు, ఎక్కడ, ఏ పరిస్థితుల్లో కనుగొన్నారు, దానిని దాచినది ఎవరు అన్న అంశాలపై విచారణ సాగుతుంది. గడచిన 100 ఏళ్లలోపు తామో తమ పూర్వికులో దాచిన సొత్తు అని ఎవరైనా చెప్పుకుంటే, ఆ మాటలో నిజం ఉండవచ్చని కలెక్టరుకు అనిపిస్తే, సివిల్ కోర్టులో హక్కును రుజువు చేసుకోవడానికి గడువు ఇస్తారు.

హక్కుదారులెవరూ తేలకపోతే నిధిని యజమాని లేనిదిగా ప్రకటిస్తారు. అప్పుడు పంపకం మొదలవుతుంది. స్థలం యజమాని తన వాటా కోరకపోతే నిధి మొత్తం దొరికినవారికే చెందుతుంది. కోరితే, ఇద్దరి మధ్య వేరే ఒప్పందం లేనప్పుడు, దొరికినవారికి నాలుగింట మూడు వంతులు, స్థలం యజమానికి నాలుగింట ఒక వంతు. భూమి ఉన్నవారి కంటే కనుగొని తెలియజేసినవారికే చట్టం పెద్ద వాటా ఇచ్చిందన్నమాట.

అయితే చారిత్రక విలువ ఉన్న నిధిని ప్రభుత్వం కోసం తీసుకునే అధికారం కలెక్టరుకు ఉంది. అలా తీసుకుంటే అందులోని లోహం విలువను, దానిపై మరో అయిదో వంతును కలిపి హక్కుదారులకు చెల్లించాలి. ఒక ఉదాహరణ చూస్తే లెక్క తేటపడుతుంది. నాణేల్లోని బంగారం విలువ 10 లక్షల రూపాయలనుకుంటే ప్రభుత్వం 12 లక్షలు చెల్లించాలి. అందులో దొరికినవారికి 9 లక్షలు, స్థలం యజమానికి 3 లక్షలు వస్తాయి.

తెలియజేయకుండా దాచిపెడితే ఆ వాటా ప్రభుత్వానికి పోతుంది. ఏడాది వరకు జైలు, జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అందుకు సహకరించిన స్థలం యజమానికి ఆరు నెలల వరకు శిక్ష ఉంది. కొన్ని రాష్ట్రాలు ఈ చట్టానికి సవరణలు చేసుకున్నాయి. కనుక స్థానికంగా వర్తించే నిబంధనలను కలెక్టరు కార్యాలయంలో తెలుసుకోవాలి.

దీనికితోడు 1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం ఉంది. 100 ఏళ్లు దాటిన నాణెం పురావస్తువు కిందికి వస్తుంది. దానిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం నేరం. లైసెన్సు లేకుండా పురావస్తువుల వ్యాపారం చేయడమూ నేరమే.

ఇంత ఉన్నా ప్రజలు ముందుకు రాకపోవడానికి కారణాలు లేకపోలేదు. విచారణ నెలల తరబడి సాగుతుంది. చెల్లింపు లోహపు తూకాన్ని బట్టే కాని నాణెం అరుదుదనాన్ని బట్టి ఉండదు. పోలీసుస్టేషన్ల చుట్టూ తిరగవలసి వస్తుందన్న భయం మరొకటి. మూడు వంతులు తమకు దక్కుతాయన్న సంగతి చాలామందికి చేరనే లేదు.

బయానా: 1,821 నాణేలు మిగిలాయి

భారత నాణేల చరిత్రలో పెద్దపీట దక్కిన నిధి 1946 ఫిబ్రవరిలో దొరికింది. నేటి రాజస్థాన్‌లోని భరత్‌పూర్ సంస్థానంలో, బయానా పట్టణానికి సమీపంలోని ఒక పల్లె పొలంలో అది బయటపడింది. మహారాజు వేటకు వచ్చి వెళ్లాక ఖాళీ తూటాలు ఏరుకుంటున్న పిల్లలకు నేలలో ఒక రాగిపాత్ర కనిపించింది. దాని నిండా గుప్త చక్రవర్తుల బంగారు నాణేలు. సుమారు 2,100 ఉండవచ్చని అంచనా.

పాత్ర ఊళ్లోకి చేరగానే నాణేలు పంపకమయ్యాయి. వార్త దర్బారుకు తెలిసి అధికారులు వచ్చేలోగా 285 దాకా కరిగిపోయాయని చెబుతారు. తిరిగి రాబట్టగలిగినవి 1,821. వాటిని చరిత్రకారుడు అనంత్ సదాశివ్ అల్టేకర్ ఒక్కొక్కటిగా పరిశీలించి తయారుచేసిన వివరపట్టికను 1954లో భారత నాణేల అధ్యయన సంఘం ప్రచురించింది. అందులోని లెక్క ప్రకారం మొదటి చంద్రగుప్తునివి 10, సముద్రగుప్తునివి 183, కాచునివి 16, రెండో చంద్రగుప్తునివి 983, మొదటి కుమారగుప్తునివి 628, స్కందగుప్తునిది ఒకే ఒక్కటి.

ఈ అంకెలే ఒక కథ చెబుతాయి. వరుసలో చివరి రాజుది ఒక్క నాణెమే ఉందంటే, ఆయన ఏలుబడి మొదలైన కొద్దికాలానికే, అంటే సామాన్య శకం 455 ప్రాంతంలో, ఈ సొత్తు నేలలోకి వెళ్లిందని అర్థం. అది హూణుల దాడుల కాలం. దాచినవారు ఎందుకు దాచారో, తిరిగి ఎందుకు రాలేదో ఊహించడానికి ఆ ఒక్క నాణెం దారి చూపింది. అది కరిగిన వాటిలో కలిసిపోయి ఉంటే, నిధిని దాచిన కాలాన్ని చరిత్రకారులు కుమారగుప్తుని రోజులకు జరిపి ఉండేవారు.

గుప్తుల నాణేలపై రాజు వీణ వాయిస్తూ, సింహాన్ని వేటాడుతూ, నెమలికి మేత పెడుతూ కనిపిస్తాడు. చుట్టూ బ్రాహ్మీ లిపిలో సంస్కృత బిరుదులుంటాయి. బయానా నిధిలో రెండో చంద్రగుప్తుని ‘చక్రవిక్రమ’ నాణెం ఒకటి దొరికింది. చక్రపురుషుడు రాజుకు ప్రసాదం అందిస్తున్న బొమ్మ దానిపై ఉంది. అంతకుముందు అటువంటి నాణెం ఉందనే ఎవరికీ తెలియదు. కాచుడు ఎవరన్న వివాదమూ ఇలాంటిదే. సముద్రగుప్తునికి అది మరో పేరని కొందరు, సింహాసనం కోసం పోటీపడిన సోదరుడని కొందరు అంటారు. శాసనాలు మౌనంగా ఉన్న చోట ఆ పేరు నాణేలపైనే నిలిచింది.

వరాహముద్ర నుంచి వరహా దాకా

తెలుగునేలకు సంబంధించిన సాక్ష్యమూ ఇలా మట్టిలోనుంచి వచ్చినదే. వేంగిని ఏలిన తూర్పు చాళుక్యుల బంగారు నాణేలు పలుచని వెడల్పాటి రేకుల్లా ఉంటాయి. మధ్యలో వరాహం, అంచున రాజు పేరులోని అక్షరాలు విడివిడి అచ్చులతో గుద్ది ఉంటాయి. చాళుక్యచంద్ర బిరుదుగల శక్తివర్మ నాణేలు, నన్నయ చేత మహాభారతాన్ని తెనిగింపజేసిన రాజరాజనరేంద్రుని నాణేలు గోదావరి తీరంలోనే కాక బంగాళాఖాతం అవతల, నేటి మయన్మార్‌లోని చెదుబా దీవిలో కూడా దొరికాయి. వేంగి రేవుల నుంచి ఓడలు ఏ వైపు సాగాయో చెప్పడానికి ఇంతకంటే బలమైన ఆధారం అరుదు. అదే నాణెం ఎక్కడ దొరికిందో తెలియకుండా నగల అంగడిలో కనిపించి ఉంటే, దాని విలువ కేవలం కొన్ని గ్రాముల బంగారం.

చాళుక్యుల వరాహలాంఛనమే కాలక్రమంలో ‘వరహా’ అన్న నాణెం పేరుకు మూలమైంది. విజయనగర కాలానికి వరహా అంటే సుమారు 3.4 గ్రాముల బంగారు నాణెం. ముద్ర మారినా, రాజవంశం మారినా పేరు మాత్రం మారలేదు.

అంతకు వెయ్యేళ్ల ముందు రోమ్ బంగారం ఈ తీరాలకు చేరింది. భారతదేశం ఏటా 5 కోట్ల సెస్టర్సుల సంపదను తమ సామ్రాజ్యం నుంచి లాగేస్తోందని మొదటి శతాబ్దపు రచయిత ప్లీనీ వాపోయాడు. ఆ మాటకు రుజువులు దక్షిణాది నేలలోనే ఉన్నాయి. తమిళనాడులోని పుదుక్కోటలో 1898లో 501 రోమన్ బంగారు నాణేలు దొరికాయి. వాటిలో ఎక్కువ నాణేలపై చక్రవర్తి ముఖం మీదుగా ఉలితో గాటు పెట్టి ఉంది. నాణేలుగా చెల్లకుండా బంగారంగానే మారకం సాగాలని అలా చేసి ఉంటారని ఒక వాదన. కృష్ణాతీరంలోని నాగార్జునకొండ తవ్వకాల్లోనూ రోమన్ బంగారు నాణేలు బయటపడ్డాయి.

మీర్ జకా: చెదిరిపోయిన నిధి

బయానాకు జరిగిన మేలు ఎంతటిదో తెలియాలంటే అఫ్గానిస్తాన్ వైపు చూడాలి. పక్తియా ప్రాంతంలోని మీర్ జకా గ్రామంలో ఒక ఊటబావి ఉంది. 1947లో అక్కడ నాణేలు బయటపడినప్పుడు ఫ్రెంచి పురావస్తు నిపుణులు వెళ్లి వేలాది నాణేలను నమోదు చేశారు. 1992లో అదే బావిలో మరింత పెద్ద రాశి బయటపడింది. అప్పటికి దేశం అంతర్యుద్ధంలో ఉంది. తవ్వినవారు తవ్వినట్లు మూటగట్టారు. సరుకు సరిహద్దు దాటి పెషావర్ బజారుకు చేరింది.

శ్రీలంకకు చెందిన నాణేల నిపుణుడు ఉస్మండ్ బొపెఆరచ్చి 1994లో ఆ బజారులో బస్తాలకొద్దీ నాణేలను కళ్లారా చూశారు. మొత్తం 5 లక్షలకు పైగా ఉండవచ్చని ఆయన అంచనా. బంగారు, వెండి వస్తువులు వాటికి అదనం. అవన్నీ ప్రపంచమంతటా విడివిడిగా అమ్ముడుపోయాయి. వాటిలో ఏది ఏ కాలపు పొరలో, దేని పక్కన ఉందో ఇక ఎవరూ చెప్పలేరు.

నేలలో లేకున్నా నాణెం మాయం కావచ్చని హైదరాబాద్‌తో ముడిపడిన మరో కథ చెబుతుంది. మొఘల్ చక్రవర్తి జహంగీర్ 1613లో ఆగ్రాలో 1,000 మొహరీల నాణేన్ని ముద్రింపజేశాడు. బరువు సుమారు 12 కిలోలు, అడ్డకొలత సుమారు 20 సెంటీమీటర్లు. ఇరాన్ షా రాయబారికి బహుమతిగా ఇచ్చిన ఈ నాణెం తరువాతి కాలంలో హైదరాబాద్ నిజాముల చేతికి వచ్చింది. 1987లో జెనీవాలో వేలానికి పెట్టగా అమ్ముడుపోలేదు. ఆ తరువాత అది బహిరంగంగా కనిపించలేదు.

కలలు, తవ్వకాలు, మోసాలు

నిధి మీద ఆశ ప్రభుత్వాలను సైతం కదిలించిన సందర్భాలున్నాయి. ఉత్తరప్రదేశ్‌లోని ఉన్నావ్ జిల్లా దౌండియా ఖేరాలో 1,000 టన్నుల బంగారం ఉందని ఒక సాధువు తనకు కల వచ్చిందన్నాడు. 1857 తిరుగుబాటులో బ్రిటిష్ వారు ఉరితీసిన స్థానిక రాజు కోట అది. 2013 అక్టోబరు 18న భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ అక్కడ తవ్వకం ప్రారంభించింది. టీవీ కెమెరాలు, మిఠాయి దుకాణాలు, వేల జనంతో ఆ చోటు జాతరైపోయింది. దొరికినవి మాత్రం కుండపెంకులు, గాజుముక్కలు, పాత నేలకట్టు ఆనవాళ్లు. బంగారం జాడ లేదు.

కర్నూలు జిల్లా తుగ్గలి మండలం చెన్నంపల్లి కోటలో 2017 చివర ప్రభుత్వ అనుమతితో సాగిన తవ్వకాలూ అదే తీరున ముగిశాయి. ఇటుకలు, ఎముకలు తప్ప చెప్పుకోదగినవేవీ బయటపడలేదు.

చీకటిమాటున జరిగే తవ్వకాలు వీటికంటే ప్రమాదకరమైనవి. రాయలసీమలో, తెలంగాణలో పూజలు ఆగిన పాత గుళ్లలో నంది విగ్రహాలను పగలగొట్టడం, గర్భగుడిలో గోతులు తీయడం, వీరగల్లులను పెకలించడం తరచుగా వార్తలకెక్కుతూనే ఉంది. విగ్రహం కడుపులోనో, ధ్వజస్తంభం అడుగునో నిధి ఉంటుందన్న నమ్మకం శతాబ్దాల శిల్పాన్ని ముక్కలు చేస్తోంది. రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. అనుమతి లేని తవ్వకం శిక్షార్హమైన నేరం. రాత్రివేళ తవ్విన గోతుల్లో మట్టిపెళ్లలు విరిగిపడి మరణించినవారున్నారు. నిధికి బలి కావాలన్న మూఢనమ్మకం హత్యలకు దారితీసిన కేసులూ ఉన్నాయి.

నమ్మకం ఉన్న చోట మోసం ఉంటుంది. తవ్వకాల్లో నాణేలు దొరికాయని, పోలీసులకు భయపడి చవకగా అమ్ముతున్నామని కొందరు ఫోన్లు చేస్తారు. నమూనాగా ఇచ్చేది అసలు బంగారు నాణెమే. కంసాలి గీసి చూసి మేలిమి అంటాడు. డబ్బు చేతులు మారాక మూటలో మిగిలేది ఇత్తడి. బియ్యపు గింజలను ఆకర్షించే పాత్ర అంటూ ‘రైస్ పుల్లింగ్’ పేరిట సాగే దందా మరొకటి. ఈ మాటలు నమ్మి ఇల్లూ పొలమూ అమ్ముకున్న కుటుంబాలు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి.

దొరికితే చేయవలసినది

నేలలో నాణేలుగానీ, పాత్రగానీ కనిపిస్తే ముందుగా పని ఆపాలి. పాత్ర సగం బయటపడి ఉంటే దానిని అక్కడే ఉంచి ఫొటో తీయడం మేలు. నాణేలను చింతపండుతోనో, ఆమ్లంతోనో తోమకూడదు. పైనున్న మట్టి, మకిలి కూడా నిపుణులకు ఆధారాలే. పగిలిన కుండ పెంకులను పారవేయకూడదు. కుండ తీరును బట్టి కూడా కాలం నిర్ణయించవచ్చు.

తరువాత తహశీల్దారుకు సమాచారం ఇచ్చి, కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేసి, అందినట్లు రసీదు తీసుకోవాలి. ఎన్ని నాణేలు అప్పగించారో, వాటి తూకమెంతో అందులో ఉండేటట్లు చూసుకోవాలి. వాటా కోరడానికి ఆ కాగితమే ఆధారం.

ఆ నోటీసులో చట్టం అడిగే వివరాలు మూడు: దొరికినది ఏమిటి, ఎంత అన్నది ఒకటి; ఏ చోట అన్నది రెండోది; ఏ రోజు అన్నది మూడోది. మొదటి రెండూ చరిత్రకారుడు అడిగేవే. బయానాలో కరిగిపోయిన 285 నాణేల గురించి ఆ రెండింటిలో ఒక్కటే తెలుసు. అవి ఎక్కడ దొరికాయో తెలుసు. వాటిపై ఏముందో తెలియదు.